పెర్కిట్ మార్కెట్‌లో కోడికూర: పసుపు రైతుకు అవ్వ నేర్పిన లెక్క

పైన వీడియోలో రేకుల షెడ్డు, కట్టెల పొయ్యి, దాని మీద పెద్ద గిన్నె చూసే ఉంటారు. పెర్కిట్‌లో కూరగాయలు అమ్మే వరసల వెనక, బస్తాలు దించే చోట ఉంటది ఈ హోటల్. హోటల్ అంటే రెండు బల్లలు, ఒక నీళ్ల డ్రమ్ము, అంతే. బోర్డు లేదు. నడిపే అవ్వ మొహం చూపించొద్దన్నది, పేరు కూడా రాయొద్దన్నది. అందుకే వీడియోలో ఆమె చేతులే కనిపిస్తాయి.

నాటుకోడి అనగానే మనకు పక్కనున్న అంకాపూర్ గుర్తొస్తది. హైదరాబాద్ నుంచి కార్లేసుకొని వచ్చి పార్సిల్ తీసుకుపోతారు. మన ఇంటికి చుట్టాలొచ్చినా అక్కడికే ఫోన్ చేస్తాం. ఈ షెడ్డు ముందు నుంచి ఎన్నోసార్లు బండి మీద పోయాను గానీ ఒక్కసారి కూడా ఆగలేదు. పోయిన మార్చిలో పసుపు బస్తాలు వేసుకొని వస్తుంటే ట్రాక్టర్ టైరు పంక్చరైంది. మధ్యాహ్నం రెండయింది, ఆకలి. అట్లా కూర్చున్నాను.

రెండు జొన్న రొట్టెలు, నాలుగు ముక్కల కూర, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. 120 రూపాయలు. (జొన్న అంటే తెల్ల జొన్న. మన దగ్గర పండే ఎర్ర జొన్న ఎక్కువగా మేత విత్తనంగా ఉత్తరాదికి పోతది.) టమాట వెయ్యలేదు. ఎండుకొబ్బరి, ధనియాలు కాల్చి రోట్లో నూరింది. ముక్కలకు ముందే పసుపు, ఉప్పు పట్టించి పెట్టుకుంటది. గిన్నెలో నీళ్లు పొయ్యదు, మూత మీద పోస్తది. ఆ వేడికి మూత మీది నీళ్లు కాగుతాయి, లోపల కోడి తన రసంలోనే ఉడుకుతది. అవసరమైతే ఆ కాగిన నీళ్లనే గిన్నెలోకి వంపుతది. ముదురు కోడి కూడా ఎముక నుంచి విడివడేదాకా ఉడికింది. నేను తిన్న మంచి కోడికూరల్లో ఇది ఒకటి.

కానీ పొయ్యి పక్కన చూస్తే పసుపు ప్యాకెట్! ఆపుకోలేక అడిగాను: "పసుపు పండే ఊళ్లె ప్యాకెట్ పసుపు ఏందవ్వా?"

"మీరు బస్తాల్ల అమ్ముకుంటరు. నాకు పావుకిలో ఎవరిస్తరు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. పసుపు బోర్డు కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన రైతులు నామినేషన్లు వేస్తే, నిజామాబాద్‌లో అభ్యర్థుల సంఖ్య 185కి చేరింది. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది, నిజామాబాదే కేంద్రం. ఇంత కొట్లాట చేసినోళ్లం, మన మార్కెట్‌లో వండే అవ్వకు పావుకిలో పసుపు అందియ్యలేదు. కొమ్ము వేరు, మండ వేరు కుప్పలు పోసి యార్డులో అమ్మేస్తే మన పని అయిపోయిందనుకుంటాం. దాని రుచి ఎట్లుంటదో పండించిన మనకే సరిగ్గా తెల్వదు.

మరుసటి వారం అరకిలో పొడి తీసుకుపోయి ఇచ్చాను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఎంత వెయ్యాలో నేను చెప్పలేదు. ప్యాకెట్ పసుపు వేసే లెక్కనే వేసింది. ముప్పై ప్లేట్ల కూర చేదెక్కింది. తిన్నోళ్లు మొహం చిట్లించారు, అవ్వ నన్ను నాలుగు మాటలు అన్నది. ఆ రోజు నష్టం నేనే కట్టాను.

మూడోసారి చిన్న తక్కెడ పట్టుకొని పోయాను. ప్యాకెట్‌ది ఒక గిన్నెకు 40 గ్రాములు పడుతున్నది. కిలో 280 లెక్కన 11 రూపాయలు. నాది తగ్గిస్తూ పోతే 22 గ్రాముల దగ్గర రంగు, రుచి రెండూ కుదిరాయి. కిలో 400 లెక్కన 9 రూపాయలు కూడా కాలేదు. "నీది పిరం" అన్న అవ్వ ఆ లెక్క రెండుసార్లు చేయించుకున్నది.

ప్రకృతి వ్యవసాయం చేసినందుకే ఇట్లా వచ్చిందని నేను చెప్పను. ఘనజీవామృతం భూమికి చేసే మేలు వేరు. ఇక్కడ సగం పని కోత తర్వాతదే. కొమ్ము, మండ కలిపి ఉడకబెట్టొద్దు. మండ లావుగా ఉంటది, ఎక్కువసేపు పడుతది. అది ఉడికేలోపు కొమ్ము మెత్తబడి రంగు పోతది. నురగ వచ్చి, పసుపు వాసన ఆవిరి లేచి, పుల్ల గుచ్చితే దిగితే దించెయ్యాలి. విరిస్తే టక్కుమనేదాకా ఎండాలి. పాలిష్ మెరుపు కోసం అదే పనిగా తిప్పొద్దు. ఇక మిల్లు: పొడి చెయ్యి కాలేంత వేడిగా బయటికి వస్తే వాసన నూనె ఎగిరిపోయినట్టే. నేను పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా పట్టిస్తాను, నెలకు సరిపడా మాత్రమే.

అదే బల్ల మీద మలేసియాలో పనిచేసి వచ్చిన ఒక పెద్దమనిషి రోజూ తింటాడు. తక్కెడ చూసి నవ్వి, "అక్కడ పసుపు ఆకు గూడ కూరల ఏస్తరు తమ్మీ" అన్నాడు. నిజమే. రెండాంగ్ అనే మాంసం కూరలో పసుపు ఆకు సన్నగా తరిగి వేస్తారు. హనోయ్‌లో చేపకు పసుపు పట్టించి, సోయకూరతో వేయించి పెడతారు. ఇండోనేషియాలో పసుపు, చింతపండు కలిపి తాగుతారు. వాళ్ల జాము అనే ఆ మూలికల పానీయాల సంస్కృతిని 2023లో యునెస్కో గుర్తించింది. అంత దూరం ఎందుకు, కొంకణ్‌లో పసుపు ఆకులో బియ్యప్పిండి, కొబ్బరి, బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పాతోళీ అంటారు. మనమేమో కోత ముందు ఆకు కోసి గట్టు మీద పడేస్తాం.

వినాయక చవితికి అంచు వరసల నుంచి పది ఆకులు కోసి అవ్వకు ఇచ్చాను. కుడుములు ఆకులో చుట్టి ఉడికించింది. మూత తియ్యగానే వచ్చిన వాసనకు కూరగాయల వరసలోళ్లు లేచి వచ్చారు. అది వీడియోలో ఉంది, వాసన మాత్రం రాలేదు! ఆశపడి చేనంతా ఆకు కొయ్యకండి, దుంప ఊరే రోజుల్లో ఆకు పోతే దిగుబడి పోతది. చెట్టుకు ఒక కింది ఆకు, అదీ అంచు వరసలోనే.

ఒక హోటల్‌కు నెలకు కిలో లోపే పడుతది. దాంతో ఎకరం పసుపు అమ్ముడుపోదని నాకూ తెలుసు. కానీ నా ప్యాకెట్ మీద ఇప్పుడు "మామూలుగా వేసే దాంట్లో సగం వెయ్యండి" అని రాస్తున్నాను. అంతకుముందు "చేదుగా ఉంది" అని వాపస్ చేసినోళ్లు ఎందుకు చేశారో అప్పుడు అర్థమైంది.

మొన్న పోతే అవ్వ కొత్త బేరం పెట్టింది. కొమ్ము కంటే మండ అగ్గువ కదా, మండ పొడి ఇస్తే కిలోకు ఎంత తగ్గిస్తావని. ఆదివారం తక్కెడ పట్టుకొని పోతున్నాను.