చెరువు రాడ్డు సముద్రంలో యాల ఇరుగుతుంది?

ఆదివారం పూట పీఏబీఆర్ కట్ట మీదికి గానీ, మిడ్ పెన్నార్ కాడికి గానీ పోయి చూడండి. బైకుకు రాడ్డు కట్టుకోని వచ్చిన పిల్లోల్లు కనబడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన గుడక నమ్మకంగా పడని అనంతపురంలో ఇదేం సరదా అని పెద్దోల్లు నవ్వుతారు గానీ, 2012లో హంద్రీ-నీవా కాలవలో కృష్ణా నీళ్లు జీడిపల్లికి వచ్చినాక సంగతి మారింది. నీళ్లు ఉండే కాడ చేప ఉంటాది, చేప ఉండే కాడ గాలం ఉంటాది. మనకేం కొత్త గాదు ఇది. 1887లోనే హెచ్.ఎస్. థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు దొర ఈ దేశం చెరువుల్లో గాలం ఎట్ల వెయ్యల్ల అని ఒక పుస్తకమే రాసి పెట్టినాడు.

కొత్త సంగతి ఏమంటే, ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఇప్పుడు మనోల్లకు సముద్రం మీద మనసు పోయింది. నలుగురు కలిసి చెన్నై నుంచో, మంగళూరు తట్టు నుంచో, చేతిలో ఇంకొంచెం డబ్బులుంటే అండమాన్ నుంచో పడవ మాట్లాడుకోని మూడు నాలుగు దినాలు లోపలికి పోయి వద్దామని అనుకుంటాండారు. పోవచ్చు, తప్పేం లేదు. కానీ అందరూ మొదట చేసే పని ఒకటే: ఆన్‌లైన్‌లో రాడ్డు కొనేది. తొమ్మిది వేలు పెట్టి ఒక రాడ్డు కొంటిమి అనుకోండి. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి దినానికి 300 రూపాయలు. అంటే ముప్పై దినాలు మన్ను తవ్విన డబ్బులు ఆ కట్టెలో ఉండాయి. అది మొదటి దినమే టప్పుమని ఇరిగితే మిగిలిన దినాలు పడవలో కూర్చోని ఇంగొకరు పట్టేది చూడల్ల. అందుకే ఈ లెక్క కొంచెం నింపాదిగా చెప్పుకుందాం.

చెరువు కట్ట మీద మనకు పొడుగు రాడ్డు కావల్ల. ఎనిమిది అడుగులు, పది అడుగులు ఉంటే ఎర దూరం పడుతుంది, తుంగ, గడ్డి దాటి పోతుంది. ఆ అలవాటుతోనే సముద్రానికి ఇంకా పొడుగుది కావల్లేమో అనుకుంటారు. కథ అడ్డం తిరిగేది ఈడే. పడవలో నువ్వు దూరం ఇసరాల్సిన పని శానా తక్కువ. పడవే నిన్ను చేప మీదికి తీసుకుపోతుంది. చేప కింద ఉంటాది, నీ దారం నేరుగా కిందికి పోతుంది.

గడారి పెట్టి బండ లేపేది అందరికీ తెలుసు. పొడుగు కొస మన చేతిలో, పొట్టి కొస బండ కింద ఉంటాది గాబట్టి బండ లేస్తుంది. రాడ్డు కాడ ఇది తిరగబడుతుంది. పొడుగు కొస చేప చేతిలో, పొట్టి కొస మన చేతిలో. రాడ్డు మొదలు నడుముకు ఆనించుకోని, రెండడుగుల పైన ఒక చెయ్యి పెట్టి పట్టుకున్నావనుకో. కొసలో చేప 8 కేజీల బరువుతో అడ్డంగా లాగుతాంటే, ఏడడుగుల రాడ్డుకు నీ చేతి మీద 28 కేజీలు పడుతుంది. పదడుగులదైతే 40 కేజీలు. ఆరడుగులదైతే 24. చేప అదే, దారం అదే, నడుము మాత్రం నీది.

రాడ్డు వంగేది ఇందుకే పనికొస్తుంది. కొస బాగా వంగిపోయి చేప తట్టు తిరిగితే, లాగుడు పడేది వంగని మొదలు భాగం మీద మాత్రమే. పదడుగుల కట్టె నాలుగడుగుల కట్టె మాదిరి పని చేస్తుంది. అందుకే మంచి రాడ్డు అంటే గట్టిది కాదు, ఎంత బరువుకు యాడ వంగల్లనో ఆడ వంగేది. గట్టిగా ఉంటే బాగుంటుందని అంగట్లో ఊపి చూసి కొనేవాల్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

అదే మాదిరిగా, రాడ్డు ఇరిగేది ఎక్కువసార్లు చేప బరువుకు కాదు, పట్టుకునే పద్ధతికి. చేప పడవ పక్కకు వచ్చినాక ఆత్రంతో రాడ్డును నిట్టనిలువుగా ఎత్తుతారు. అప్పుడు బరువంతా సన్నగా ఉండే కొస మీద పడుతుంది, మొదలుకు పనే ఉండదు. అంతే, టప్. చెరువులో కేజీ జిలేబీ చేపను అట్ల ఎత్తినా ఏం కాదు. పది కేజీల టూనాను ఎత్తితే కొస చేతికొస్తుంది. పైకి లేపేది రాడ్డుతో కాదు, కొక్కెం కట్టెతోనో వలబుట్టతోనో. పడవోల్లు ఆ పని చూసుకుంటారు, వాల్లను చెయ్యనియ్యండి.

ఇంగ రాడ్డు మీద రాసిన నంబర్ల సంగతి. మొదలు కాడ చిన్న అక్షరాలతో ఎల్‌బీ అని ఒక అంకె ఉంటుంది. అది పౌండ్లు, ఆ రాడ్డుకు ఎంత బలమున్న దారం వెయ్యల్లనో చెబుతుంది. 30 పౌండ్లంటే సుమారు 13.6 కేజీలు, 50 అంటే 22.7, 80 అంటే 36.3. దాన్ని చూసి "50 పౌండ్ల రాడ్డుతో 22 కేజీల చేపను ఎత్తొచ్చు" అనుకోవద్దు. అది దారం తెగే బరువు. రీలు బ్రేకు, డ్రాగ్ అంటారు గదా, దాన్ని దారం బలంలో మూడో వంతుకు బిగించేది వాడుక. 50 పౌండ్ల దారానికి ఏడు, ఏడున్నర కేజీలు. అంతకంటే గట్టిగా చేప లాగితే దారం జారిపోవల్ల, రాడ్డు మీద పడకూడదు. ఇట్ల జారనిస్తూ అలసిపోయేదాక ఆడించే చేపలు దారం బలం కంటే శానా పెద్దవి గుడక ఉంటాయి.

ఈ లెక్కను ఇంటి కాడే చూసుకోవచ్చు. మిద్దె మీద నిలబడి, కింద బకెట్లో ఏడు లీటర్ల నీళ్లు పోసి దారానికి కట్టండి. రాడ్డును అడ్డంగా పట్టుకోని నిదానంగా లేపండి. రీలు బకెట్టును లేపీ లేపకుండా జారుతాంటే బ్రేకు సరిగ్గా ఉన్నట్టు. ఇంగ కొంచెం బిగించి, బకెట్టును గాల్లో అయిదు నిమిషాలు అట్లే పట్టుకోండి. వీడియోలో వాల్లు గంటసేపు ఎట్ల పోరాడతారో, మన నడుము ఎన్ని నిమిషాలకు మొరాయిస్తుందో అప్పుడు అర్థమవుతుంది. కింద మాత్రం సన్నపిల్లోల్లను నిలబడనియ్యొద్దు.

మరి ఏది కొనల్ల? పడవ నడుస్తాంటే ఎనకాల ఎర ఈడ్చేదానికి అయిదున్నర, ఆరడుగుల మొద్దు రాడ్డు. నిలబడిన పడవలోంచి లోతుకు ఇనప ఎర వదిలి ఎగరేసేదానికి ఆరడుగుల సన్నది. అండమాన్‌లో పెద్ద పార చేప, జీటీ అంటారు, దానికి నీళ్ల మీద చప్పుడు చేసే ఎరను ఇసరల్ల గాబట్టి ఏడున్నర, ఎనిమిది అడుగులది. ఈ ఒక్క పనికే పడవలో పొడుగు కావల్ల. మూడు రకాలూ కొనుక్కోని పోతే అప్పులపాలే. నా మాట వింటే, మొదటిసారి రాడ్డే కొనొద్దు. పడవోల్లు ఇచ్చేదాన్ని వాడండి, బుక్ చేసేటప్పుడే ఏమేం ఇస్తారో అడగండి. లేదు, మాది మాకే కావల్ల అంటే ఆరున్నర అడుగులకు అటూ ఇటూ, 30 నుంచి 50 పౌండ్ల దారానికి సరిపొయ్యేది ఒకటి. దినాల తరబడి పొయ్యేటప్పుడు గుంపులో అందరూ ఒకే రకం తెచ్చుకోకుండా చెరో రకం తెచ్చుకుంటే ఒకటి ఇరిగినా ఇంగొకటి ఉంటాది.

అన్ని నంబర్లూ పక్కన పెట్టి లక్షద్వీప్‌లో మినికాయ్ వాల్లను చూడండి. వాల్లు బతుకుతెరువుకు టూనా పట్టేది రీలు లేని కట్టెలతోనే. పాతకాలం నుంచి వెదురే, ఇప్పుడు ఫైబర్‌వి గుడక వచ్చినాయి. బతికిన చిన్న చేపలను నీళ్లలో చల్లి, నీళ్లు చిలకరించి, టూనా మంద పైకి రాగానే ముల్లు లేని గాలంతో లాగి ఒకే ఊపున ఎనక్కి పడవలోకి ఇసురుతారు. కేజీల్లో తూగే చిన్న టూనాకు ఆ కట్టె చాలు. పెద్ద టూనాకు చాలదు. పనిని బట్టి కట్టె.

కార్బనా, ఫైబర్‌గ్లాసా అని శానామంది అడుగుతారు. కార్బన్ తేలిక, దినమంతా పట్టుకున్నా చెయ్యి నొయ్యదు. కానీ పడవ అంచుకు తగిలి రవ్వంత గీత పడినా, తరువాత బరువు పడినప్పుడు ఆ గీత కాడే పోతుంది. ఫైబర్‌గ్లాసు బరువు, కానీ మొండిది, మోటు చేతులకు తట్టుకుంటుంది. కొత్తోల్లకు ఫైబర్‌గ్లాసో, రెండూ కలిపిందో మేలు. ఇంగొకటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువుల పక్కన మోటార్లకు కరెంటు వైర్లు చేతికందేంత కిందికి జారి ఉంటాయి. వాటి కింద పదడుగుల కార్బన్ రాడ్డు ఎత్తితే ప్రాణం పోతుంది. సముద్రంలో పిడుగులు పడేటప్పుడు గుడక అంతే, రాడ్డు కిందికి పెట్టేయండి.

కొనేటప్పుడు దారం దూరే రింగులు చూడల్ల. రవ్వంత దూది తీసుకోని ప్రతి రింగులోనూ తిప్పండి. చీలిక ఉంటే దూది పట్టుకుంటుంది. దూది పట్టుకున్న కాడ దారం తెగుతుంది. ఫ్రేములు స్టెయిన్‌లెస్ అని రాసినా, నాసిరకమైతే ఉప్పు నీళ్లకు రెండో దినానికే తుప్పు మరకలు వస్తాయి. దినాల ప్రయాణంలో రాత్రి పూట మంచినీళ్లతో తుడవల్ల. పడవలో మంచినీళ్లు కొలతగా ఉంటాయి, కడిగేదానికి ఇయ్యరు. తడిగుడ్డ పెట్టి రింగులు, రీలు కూర్చునే కాడ, రెండు ముక్కలు కలిసే అతుకు తుడిస్తే చాలు. చెంబుడు నీళ్లతో ఇల్లు గడిపిన ఊర్లోల్లం, ఇది మనకు ఒకరు నేర్పాలా!

రైల్లో తీసుకుపొయ్యేదానికి అంగట్లో అమ్మే పెట్టెలు కొనొద్దు. బోర్ల కాడ మిగిలిన మూడంగుళాల పీవీసీ పైపు ముక్కకు రెండు తట్లా మూతలు బిగించి, లోపల పాత దుప్పటి ముక్క చుట్టి రాడ్డు పెట్టండి. రెండు ముక్కల రాడ్డే తీసుకోండి, ఒంటి ముక్కది బోగీలో యాడ పెట్టినా ఎవురో ఒకరు తొక్కుతారు.

ఎప్పుడు పోవల్ల అనేది గుడక చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 దినాలు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవలకు వేట నిషేధం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల భయం. జనవరి నుంచి మార్చి లోపల పోతే నయం. లైఫ్ జాకెట్ లేని పడవ ఎంత చవగ్గా వచ్చినా ఎక్కొద్దు.

తిరిగి వచ్చినాక ఆ 50 పౌండ్ల రాడ్డు మన చెరువులో పనికిరాదు. రవ్వు చేప ఎర ముట్టింది గుడక కొసలో తెలియదు. పైగా చెరువులో పిల్లలు వదిలింది మత్స్యకార సంఘం వాల్లు, వాల్లను అడగకుండా గాలం వేస్తే గొడవే. కాబట్టి సముద్రం రాడ్డు నలుగురూ డబ్బులేసుకోని ఉమ్మడిగా కొనేది మేలు. అది ఎవరింట్లో పెట్టల్ల అనే పంచాయితీ మీరూ మీరూ తేల్చుకోండి.