కుటుంబ వైద్యుల సంఘానికి పెద్ద ఎవరు? ఆ సంగతి మనకెందుకు?



ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడిన వారిని "మీ డాక్టరు ఎవరు?" అని అడిగి చూడండి. షుగర్‌కు ఒకరి పేరు చెబుతారు, గుండెకు నిజామాబాద్‌లో ఇంకొకరి పేరు, మోకాళ్లకు దెగ్లూర్ అవతల నాందేడ్‌లో మరొకరి పేరు. జ్వరానికి, విరేచనాలకు మాత్రం ఊళ్లోని ఆర్‌ఎంపీ. ఇంటిల్లిపాదినీ ఎరిగినవారు, అవ్వకు ఏ మాత్ర పడదో, కోడలికి మొదటి కాన్పు ఎలా జరిగిందో గుర్తుపెట్టుకున్నవారు, పెద్ద దవాఖానాకు ఎప్పుడు పోవాలో, ఎప్పుడు పోనక్కర లేదో చెప్పగలవారు, అలాంటి ఒక్క డాక్టరు పేరు చెప్పగలిగే కుటుంబాలు బిచ్కుంద మండలంలోనే కాదు, ఎక్కడైనా తక్కువే.

అలాంటి వైద్యుణ్ణి కుటుంబ వైద్యుడు అంటాము. ఆయన ఎందుకు అరుదైపోయాడు? జీతాలు, పల్లెల్లో వసతులు, పిల్లల చదువులు, ఇవన్నీ కారణాలే. ఇవి మనకు తెలిసినవే. ఎవరూ అంతగా మాట్లాడుకోని కారణం ఇంకొకటి ఉన్నది. వైద్యుల సంఘాలలో, మండళ్లలో ఎవరు కూర్చుంటారు, ఎవరి తరఫున మాట్లాడతారు అన్నది. డాక్టర్ల సంఘమంటే సంవత్సరానికి ఒకసారి ఫంక్షన్ హాల్లో సభ, భోజనాలు, శాలువాలు అని మనకు ఒక అభిప్రాయం. శాలువాలు ఉండే మాట నిజమే. కాని ఏ చదువు చదివినవారిని నిపుణులనాలి, ఎవరు వైద్య కళాశాలలో పాఠం చెప్పవచ్చు, తప్పు చేసిన డాక్టరును ఎవరు విచారించాలి అన్న నిర్ణయాలు కూడా అక్కడినుంచే మొదలవుతాయి.

ఒక పల్లెటూరి డాక్టరు అధ్యక్షుడైన కథ

ఇంగ్లండులో 1950 నాటికి ఫిజీషియన్లకు, సర్జన్లకు, కాన్పుల వైద్యులకు విడివిడిగా రాయల్ కాలేజీలు ఉండేవి. కాలేజీ అంటే ఇక్కడ చదువుల బడి కాదు, ఆ వృత్తివారి సంఘము. పరీక్షలు పెట్టేది, ప్రమాణాలు నిర్ణయించేది అదే. సాధారణ వైద్యులకు మాత్రం అలాంటిది లేదు. ఆ సంవత్సరమే కాలింగ్స్ అనే వైద్యుడు ఆ దేశపు క్లినిక్కులు తిరిగి చూసి, కొన్ని చోట్ల వైద్యం ఎంత అధ్వాన్నంగా ఉందో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. చాలామందికి అది తలవంపు అయింది.

జాన్ హంట్ అనే లండన్ వైద్యుడు, మరికొందరు కలిసి సొంత కాలేజీ కావాలని పట్టుబట్టారు. పాత కాలేజీలు మూడూ ఒప్పుకోలేదు. కావాలంటే మా కిందనే ఒక విభాగంగా ఉండండి అన్నాయి. అందుకని వీరు పెద్దగా చాటింపు లేకుండా, మాజీ ఆరోగ్య మంత్రి హెన్రీ విల్లింక్ అధ్యక్షతన ఒక కమిటీ వేసుకొని, 1952 నవంబరు 19న కాలేజీని స్థాపించేశారు. ఆ తర్వాత కూడా వాదోపవాదాలు ఆగలేదు. 1958లో లార్డ్ మోరన్ అనే పేరుమోసిన వైద్యుడు (ప్రధాని చర్చిల్‌కు ఆయనే డాక్టరు) రాయల్ కమిషన్ ముందు, సాధారణ వైద్యులంటే నిచ్చెన ఎక్కలేక జారిపోయినవారే అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఆ మాట కడుపులో ఎంత మండించిందో గాని, కాలేజీ ఇంకా గట్టిపడింది. 1967లో దానికి రాయల్ అన్న గౌరవం కూడా వచ్చింది.

మనం గమనించవలసింది మొదటి అధ్యక్షుని ఎంపిక. లండన్‌లో పెద్ద ప్రాక్టీసు ఉన్నవారిని కాకుండా, యార్క్‌షైర్‌లోని ఐస్‌గార్త్ అనే పల్లెలో పనిచేసే విలియం పికిల్స్‌ను ఎన్నుకున్నారు. ఏ ఇంట్లో ఎవరికి ఏ రోజున జబ్బు మొదలైంది, అంతకుముందు వారు ఎవరిని కలిశారు అని ఆయన ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నాడు. పల్లెలో అందరూ అందరికీ తెలుసు కదా! కామెర్లు ఒకరి నుంచి ఒకరికి సోకడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ లెక్కలతోనే చూపించగలిగాడు. ఆ లెక్కలన్నీ 1939లో పుస్తకంగా వచ్చాయి. పట్నపు ఆసుపత్రిలో రోగి పడుకున్న మంచం కనబడుతుంది గాని, ఆ రోగి వచ్చిన వీధి కనబడదు. వీధి కనబడినవానిని తలమీద పెట్టుకున్న సంఘము తన పని ఏమిటో తెలుసుకున్నట్టే లెక్క. 1964లో అన్నిస్ గిల్లీ అనే వైద్యురాలు అధ్యక్షురాలయ్యారు. 1980లలోనే రోగుల ప్రతినిధులతో ఒక బృందాన్ని కూడా ఆ కాలేజీ ఏర్పాటు చేసుకుంది.

మన దేశంలో

ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1928లో కలకత్తాలో పుట్టింది. దాని కింద 1963లో సాధారణ వైద్యుల కాలేజీ ఒకటి మొదలైంది. దానికి పెద్దను డీన్ అంటారు. ఆ కాలేజీ చేసిన మేలు తక్కువ కాదు. కాని అది అందరు డాక్టర్లకూ చెందిన పెద్ద సంఘంలో ఒక గది మాత్రమే. ఇంగ్లండులో పాత కాలేజీలు ఇవ్వజూపినదీ అదే గది అని గుర్తు చేసుకోండి.

మరోవైపు స్పెషలిస్టుల కాలం వచ్చింది. కుటుంబ వైద్యంలో డీఎన్‌బీ అనే మూడేళ్ల చదువు ఉన్నా, దాన్ని చాలాకాలం నిలబెట్టినవాటిలో మిషన్ ఆసుపత్రులు ముఖ్యమైనవి. ఒకే డాక్టరు కాన్పు చేసి, విరిగిన ఎముక కట్టి, క్షయకు మందులిచ్చే చోట ఈ చదువు నేర్పడం సహజం. పల్లెల్లో ఇప్పటికే పనిచేస్తున్న ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 2006లో దూరవిద్య ద్వారా కుటుంబ వైద్యం డిప్లొమా మొదలుపెట్టారు.

ఇంత ఉన్నా ఒక చిక్కు ఉండేది. మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం వైద్య కళాశాలల్లో కుటుంబ వైద్యానికి ప్రత్యేక విభాగం తప్పనిసరి కాదు. సాధారణ వైద్యునిగా ముప్పై ఏళ్లు పల్లెలో పనిచేసినవారు విద్యార్థులకు పాఠం చెప్పే అధ్యాపకులు కాలేరు. అంటే ఎంబీబీఎస్ విద్యార్థి తన చదువు మొత్తంలో కుటుంబ వైద్యుణ్ణి గురువుగా చూడడు. చూడనిదాన్ని అతడు ఎలా కోరుకుంటాడు?

ఈ చిక్కును పట్టుకొని 2010లో అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. డాక్టర్ రామన్ కుమార్ దాని వ్యవస్థాపక అధ్యక్షులు. 2012లో వారు సొంత వైద్య పత్రిక మొదలుపెట్టారు. కమిటీల ముందు, మంత్రిత్వ శాఖ ముందు అదే మాట మళ్లీ మళ్లీ చెప్పారు. 2019లో పార్లమెంటు ఆమోదించిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో, కుటుంబ వైద్యంలో పీజీ కోర్సులను ప్రోత్సహించడం పీజీ బోర్డు విధులలో ఒకటిగా రాశారు. చట్టంలో ఒక వాక్యం పడితే డాక్టర్లు పుట్టుకురారు, అది నిజం. కాని ఆ వాక్యం లేకపోతే అడగడానికి ఆధారమే ఉండదు.

పండ్ల రసం డబ్బా మీద ముద్ర

నాయకత్వం దారి తప్పితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2008లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పెప్సీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీవారి ట్రాపికానా పండ్ల రసం, క్వేకర్ ఓట్స్ డబ్బాల మీద సంఘం పేరు వాడుకోవడానికి ఒప్పుకుంది. కేరళకు చెందిన ఒక కంటి డాక్టరు, ఆయనా ఆ సంఘ సభ్యుడే, ఇది వైద్య నీతికి విరుద్ధమని ఫిర్యాదు చేశారు. ఏ వస్తువునూ డాక్టరు సిఫారసు చేసి ప్రచారం చేయకూడదని నియమం ఉన్నప్పుడు డాక్టర్ల సంఘం చేయవచ్చా అన్నది ఆయన ప్రశ్న. 2010లో మెడికల్ కౌన్సిల్ అది తప్పేనని తేల్చింది.

డబ్బాలోని రసం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ సమస్య కాదు. షుగర్ ఉన్న ఒక తల్లి అంగడిలో ఆ ముద్ర చూసి "డాక్టర్లే చెప్పారు కదా" అని కొనుక్కుంటుంది. ఆ తల్లి నమ్మకాన్ని అమ్మే హక్కు కమిటీలో కూర్చున్నవారికి ఎక్కడిది? సంఘం ఖర్చులకు డబ్బు కావాలి, ఆ డబ్బు చందాల నుంచి రాకపోతే కంపెనీల నుంచి వస్తుంది. మన సంఘాల్లో కానుకల లెక్కలు చదివి వినిపించేటప్పుడు కొందరికి నిద్ర వస్తుంది గాని, ఏ సంఘమైనా ముందుగా చెడిపోయేది ఆ పేజీలోనే.

విచిత్రమేమంటే, ఆ 2010లోనే మెడికల్ కౌన్సిల్ కూడా కూలింది. దాని అధ్యక్షుణ్ణి ఏప్రిల్‌లో లంచం ఆరోపణ మీద సీబీఐ అరెస్టు చేసింది. మే నెలలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి కౌన్సిల్‌ను తీసివేసి గవర్నర్ల బోర్డును పెట్టింది. చివరకు 2020 సెప్టెంబరు 25న నేషనల్ మెడికల్ కమిషన్ దాని స్థానంలోకి వచ్చింది. పాత కౌన్సిల్‌లో ఎన్నికైనవారు ఎక్కువ. కొత్త కమిషన్‌లోని 33 మందిలో ఎక్కువమంది నియమితులు. ఎన్నికలుంటే డబ్బు ఆట, నియామకాలుంటే ఢిల్లీ మాట. రెండింటిలో ఏది మేలో డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు. నా మట్టుకు, ఎన్నికలను బాగుచేసుకోవడం కష్టమైనా అదే మేలనిపిస్తుంది. న్యాయం, వైద్య నీతి, రోగుల హక్కులు వంటి రంగాలు తెలిసిన ముగ్గురికి ఆ కమిషన్‌లో చోటు పెట్టడం మాత్రం మంచి పని.

మన రాష్ట్రంలో ఓట్లు

ఆ 33 మందిలో తొమ్మిది మందిని రాష్ట్ర మండళ్లకు ఎన్నికైన సభ్యుల నుంచే తీసుకోవాలి. కాబట్టి రాష్ట్ర మండలి ఎన్నిక చిన్న విషయం కాదు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరగడానికి 2023 చివరి దాకా పట్టింది. 13 స్థానాలకు పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓట్లు వేశారు. బిచ్కుందలో పనిచేసే డాక్టరుకూ, హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రి సర్జనుకూ ఒకే విలువగల ఓటు. కొత్త మండలి 2024లో అర్హత లేకుండా వైద్యం చేస్తున్నవారి క్లినిక్కుల మీద తనిఖీలు చేసి కేసులు పెట్టించింది.

ఇది మన పల్లెలకు సూటిగా తగిలే విషయం. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడని అర్థం, మన ఊళ్లలో ఆ మాటకు అర్థం సరిగ్గా తిరగబడింది! అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే అని మీరంటారు. నిజమే. కాని ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్, ప్రతి నొప్పికీ స్టెరాయిడ్ సూది వేస్తే కలిగే హాని కూడా నిజమే. సూదులు వేసేవారిని ఆపితే సరిపోదు, ఆ అర్ధరాత్రి తలుపు తెరిచే అర్హుడైన డాక్టరును ఎవరు తెస్తారు? ఆ పని మండలి ఒక్కటే చేయలేదు. కుటుంబ వైద్యుల సంఘాల బలం అక్కడే కావాలి.

బల్ల చుట్టూ ఎవరు

ప్రపంచ కుటుంబ వైద్యుల సంఘం, వోంకా అంటారు, 1972లో మెల్‌బోర్న్‌లో ఏర్పడింది. సభ్య సంఘాల ప్రతినిధుల మహాసభ కాబోయే అధ్యక్షుణ్ణి ముందుగానే ఎన్నుకుంటుంది. గద్దె ఎక్కేలోపు ఆయన పాత అధ్యక్షుని పక్కన కూర్చొని పని నేర్చుకుంటాడు. పదవి దిగనని పట్టుపట్టే వీలు తక్కువ. మంచి ఏర్పాటే. కాని స్త్రీలు, పిల్లలే ఎక్కువగా వచ్చే ఈ వృత్తికి మొదటి అధ్యక్షురాలు రావడానికి 2016 దాకా, అమండా హౌ దాకా, ఆగవలసి వచ్చింది.

మన దేశంలో 1905లో మిషనరీ వైద్యుల సంఘంగా మొదలైన క్రిస్టియన్ మెడికల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాలో ఇప్పుడు డాక్టర్లతోపాటు నర్సులకు, ల్యాబ్, ఫార్మసీ వంటి పనులవారికి, చాప్లెయిన్లకు, నిర్వాహకులకు కూడా విభాగాలున్నాయి. రోగి దగ్గర ఎక్కువసేపు ఉండే నర్సమ్మకు సంఘంలో మాట ఉండడం మామూలు సంగతి అనిపిస్తుంది. చాలా వైద్య సంఘాల్లో అది ఇప్పటికీ లేదు.

చీటీ మీద చూడవలసినది

ఇక మీ చేతిలో ఉన్నవి. 2002 నాటి వైద్య నీతి నియమాలే ఇప్పటికీ అమలులో ఉన్నాయి. 2023 ఆగస్టులో కొత్తవి తెచ్చి, ఆ నెలలోనే నిలిపివేశారు. వాటి ప్రకారం డాక్టరు ఇచ్చే మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇన్‌పేషెంట్‌గా ఉన్నవారు తమ రికార్డులు అడిగితే 72 గంటలలో ఇవ్వాలి, ఆ రికార్డులను మూడేళ్లు దాచాలి. డాక్టరు తప్పు చేశారని మీకు గట్టిగా అనిపిస్తే, కాగితాల నకళ్లతో హైదరాబాదులోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపవచ్చు, ఆరు నెలలలో తేల్చాలని నియమం. రిజిస్ట్రేషన్ లేనివారిని ఆ మండలి క్రమశిక్షణ కింద విచారించలేదు, వారిది పోలీసు కేసు అవుతుంది. కాబట్టి చీటీ చేతిలో పడగానే ముందు ఆ నంబరు ఉందో లేదో చూడండి. చదువు రానివారు పక్కనున్న పిల్లలచేత చూపించుకోండి.