చేతి బ్రేకు పట్టు తగ్గినచో - పాత పికప్ బండ్ల యజమానులకు కొన్ని సూచనలు

ఒకప్పుడు పొలము నుండి ధాన్యపు బస్తాలు సంతకు చేరవలెనన్న ఎడ్లబండియే ఆధారము. నేడు మన గ్రామములలో ఆ పనిని చాలవరకు పికప్ బండ్లు చేయుచున్నవి. కూరగాయలు, పాలక్యానులు, ఎరువుల బస్తాలు, ఇటుకలు, పశుగ్రాసము అన్నియు వీటిపైననే కదలుచున్నవి. వీటిలో అనేకము పది పదునైదు సంవత్సరముల నాటివి. ఒకరి చేతి నుండి మరియొకరి చేతికి మారినవి. ఇట్టి బండి కొనువారు ఇంజను ధ్వని విందురు, టైర్లు చూతురు, కాలి బ్రేకును తొక్కి పరీక్షింతురు. చేతి బ్రేకు మాట వచ్చునప్పటికి మాత్రము, చక్రము క్రింద రాయి పెట్టిన చాలునని సరిపెట్టుకొందురు.

రాయి పెట్టుట మన బండివాండ్రకు అనాదిగా ఉన్న మంచి అలవాటే. కాని అది చేతి బ్రేకునకు తోడు కావలెనే గాని బదులు కారాదు. చెరువుకట్ట ఎక్కుదారిలో నిలిపిన బండి వెనుకనే బస్తాలు ఎత్తు కూలీలు నిలుచుందురు. ఇంటి ముందరి వాలులో నిలిపిన బండి వెనుకనే పిల్లలు ఆడుకొందురు. బండిపై బరువు పెరిగిన కొలది దానిని పల్లమునకు లాగు బలమును పెరుగును. ఖాళీగా ఉన్నపుడు కదలక నిలిచిన బండి, బస్తాలు నిండిన పిమ్మట అదే చోట జారుటకు కారణమిదియే. కావున చేతి బ్రేకు ఎందుచేత బలహీనపడునో, దానిని ఏ క్రమములో సరిచేయింపవలెనో ఇచ్చట వివరింతుము.

చేతి బ్రేకు ఎట్లు పనిచేయును?

కాలి బ్రేకు తొక్కినపుడు నూనె ఒత్తిడి గొట్టముల ద్వారా నాలుగు చక్రములకును చేరును. చేతి బ్రేకునకు ఆ నూనెతో సంబంధము లేదు. పిడిని పైకి లాగినపుడు ఉక్కు కేబులు బిగిసి, వెనుక చక్రముల డ్రమ్ములలోని చిన్న మీటను లాగును. ఆ మీట రెండు బ్రేకు షూలను ఎడముగా నెట్టి డ్రమ్మునకు అదుమును. పిడి దిగిపోకుండ దాని అడుగున పండ్ల పట్టీ, కొక్కెము ఉండును. మనకు వినబడు "టిక్కు, టిక్కు" అను శబ్దము వాటిదే.

కాలి బ్రేకు చక్కగా పనిచేయుచున్నంత మాత్రమున చేతి బ్రేకు కూడ బాగున్నదనుకొనరాదని దీనినిబట్టి తెలియుచున్నది. రెండింటికిని షూలు ఒక్కటే గాని మార్గములు వేరు. కొన్ని పాత జీపు తరహా వాహనములలో చేతి బ్రేకు చక్రములకు గాక, గేరుపెట్టె వెనుకనున్న షాఫ్టునకు పట్టును. ఈ వ్యాసములోని వివరములు వెనుక డ్రమ్ములపై పనిచేయు బ్రేకులకు మాత్రమే వర్తించును.

కేబులు బిగించుట మొదటి పని కాదు

పిడి మునుపటికంటె ఎత్తుగా వచ్చుచున్నదనగానే కేబులు నట్టును నాలుగు చుట్లు బిగించుట చాలచోట్ల జరుగుచున్నది. పిడి వెంటనే గట్టిపడును, యజమాని తృప్తిపడును. కాని షూలపై లైనింగు అరిగి, షూకును డ్రమ్మునకును నడుమ సందు పెరుగుటయే తరచు అసలు కారణమై యుండును. ఆ సందు సరిచేయక కేబులు బిగించినచో, డ్రమ్ములోని మీట తన విశ్రాంతి స్థానమునకు తిరిగి రాజాలదు. సందును తనంత తాను సరిచేసికొను అడ్జస్టరు కూడ సరిగా పనిచేయకపోవచ్చును. షూలు చక్రమునకు రాచుకొనుచు వేడెక్కును, డీజిలు వృథా అగును, లైనింగు మరింత త్వరగా అరుగును. కొలదికాలములోనే పిడి మరల పైకి వచ్చును.

కనుక మొదట డ్రమ్ము, పిదప కేబులు. ఈ ఒక్క క్రమమును యజమానులు జ్ఞాపకముంచుకొని మెకానిక్కును అడిగినచో సగము చిక్కు తీరినట్లే.

లక్షణమును బట్టి కారణము

పిడి మిక్కిలి ఎత్తుకు వచ్చి, కాలి బ్రేకు కూడ లోతుగా దిగుచున్నచో, డ్రమ్ములోని సందు పెరిగినదని ముందుగా అనుమానింపవలెను. కాలి బ్రేకు సరిగానుండి పిడి మాత్రమే ఎత్తుగా వచ్చుచున్నచో కేబులు సాగియుండవచ్చును, లేదా దాని అమరిక సడలియుండవచ్చును.

పిడి గట్టిగా తగిలినను బండి నిలువనిచో రెండు కారణములుండవచ్చును. కేబులు తన తొడుగులో తుప్పుపట్టి బిగుసుకొనుట ఒకటి. లైనింగుపై నూనె పడుట, లేక అది కాలి అద్దమువలె నునుపెక్కుట రెండవది.

ఒక చక్రము మాత్రమే పట్టుచున్నచో రెండవ ప్రక్క కేబులునో, ఆ ప్రక్క లైనింగునో చూడవలెను. పిడి తనంత తాను జారి దిగిపోవుచున్నచో పండ్ల పట్టీయో కొక్కెమో అరిగినట్లు. అట్టి బండిని బాగుచేయించువరకు వాలులో నిలుపనే రాదు. బ్రేకు వదలిన తరువాత కూడ ఒక వెనుక చక్రము మిక్కిలి వేడెక్కుచున్నచో కేబులు వెనుకకు రాక పట్టియున్నదని గ్రహింపవలెను.

వరిమళ్ళ బురదలో తిరుగు బండ్లకును, కోస్తాలో ఉప్పునీటి రొయ్యల చెరువుల నడుమ తిరుగు బండ్లకును కేబులు తుప్పు త్వరగా పట్టును. తొడుగు ఒకచోట చిట్లినను నీరు లోనికి దిగును. తీగలు తెగిన కేబులును, తొడుగులోపల తుప్పుపట్టిన కేబులును మార్చుటయే మేలు. పైన నూనె పూసి నడుపుట శాశ్వత నివారణ కాదు.

పరిశీలించు క్రమము

ఈ పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కుచేతనే చేయింపవలెను. అయినను యజమాని క్రమము నెరిగి దగ్గరనుండుట మంచిది.

మొదట బండిలోని సరకు దింపి, చదునైన గట్టి నేలపై నిలుపవలెను. చక్రములు తిప్పి చూచుటకు చేతి బ్రేకు వదలి, గేరు తీసివేయవలసియుండును. ఆ సమయమున బండిని ఆపునవి ముందు చక్రములకు పెట్టిన అడ్డులు మాత్రమే. కావున రెండు ముందు చక్రములకును ముందు వెనుకల గట్టి కొయ్య దిమ్మలు పెట్టవలెను. జాకీతో వెనుక భాగము ఎత్తిన తరువాత ఇరుసు క్రింద ఉక్కు స్టాండులు నిలుపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరుట ప్రాణాపాయము.

డ్రమ్ము విప్పిన తరువాత దుమ్మును గాలితో ఊదరాదు, పొడి గుడ్డతో దులుపరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేయును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను.

లైనింగు అరిగి రివెట్ల తలలకు చేరువైనచో షూలు మార్చవలెను. లోపల తడి కనబడినచో అది ఏ నూనెయో తెలిసికొనవలెను. చిక్కగా, ఘాటైన గంధకపు వాసనతో ఉన్నచో వెనుక ఇరుసులోని గేరు నూనె. అనగా ఇరుసు సీలు పాడైనది. పలుచగా ఉన్నచో బ్రేకు నూనె. వీలు సిలిండరు కారుచున్నది. కారు చోటును బాగుచేయక క్రొత్త షూలు వేసినచో అవియు తడిసిపోవును. నూనె త్రాగిన లైనింగును ఎంత కడిగినను దాని పట్టు నమ్మదగినది కాదు. షూలు మార్చునపుడు రెండు ప్రక్కలను ఒకేసారి మార్చవలెను.

అటుపిమ్మట అడ్జస్టరు మర తుప్పువలన బిగిసినదేమో చూచి, శుభ్రపరచి తిరుగునట్లు చేయవలెను. కుడి ఎడమల అడ్జస్టర్ల మరలు సాధారణముగా వేర్వేరు దిక్కులకు ఉండును గనుక వాటిని తారుమారు చేయరాదు. డ్రమ్ము బిగించి, చక్రము రాచుకొనువరకు అడ్జస్టరు తిప్పి, తిరిగి అది స్వేచ్ఛగా తిరుగునంతవరకు వదులు చేయవలెను. కాలి బ్రేకును పలుమారులు తొక్కినచో షూలు తమ స్థానమున కుదురుకొనును.

ఇప్పుడు కేబులు వంతు. పిడిని పూర్తిగా దించి, కేబులులోని వదులు మాత్రమే తీయవలెను. పిడి దించియున్నపుడు రెండు చక్రములును స్వేచ్ఛగా తిరుగవలెను. లాగినపుడు రెండును సమానముగా బిగియవలెను. ఎన్ని టిక్కులకు పట్టవలెనో బండితో వచ్చిన పుస్తకములో ఉండును, అదియే ప్రమాణము.

నిలుపునపుడు పాటింపవలసినవి

కాలి బ్రేకు తొక్కిపట్టి, చేతి బ్రేకు పూర్తిగా లాగి, పిదప కాలిని మెల్లగా వదలవలెను. బండి బరువు చేతి బ్రేకుపై పడినపుడు అది నిలిచినదో లేదో అప్పుడే తెలియును. కదలనిచో ఇంజను ఆపి, ఎత్తు వైపు ముఖముగా ఉన్నచో మొదటి గేరులోను, పల్లము వైపు ముఖముగా ఉన్నచో రివర్సు గేరులోను ఉంచవలెను. తరువాత పల్లపు ప్రక్కను చక్రములకు దిమ్మలు పెట్టవలెను. దిమ్మలు పెట్టక మునుపు బరువు ఎక్కింపరాదు. నిలిపిన బండిలో పిల్లలను ఒంటరిగా విడువరాదు. వారు ఆటగా పిడి దింపుట, గేరు కదలించుట అసంభవము కాదు.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను ప్రకారము, డ్రైవరు స్థానములో లైసెన్సుగల మనిషి లేనపుడు బండిని బహిరంగ స్థలమున ఊరక విడువరాదు. ఇంజను ఆపి బ్రేకు వేయవలెను, లేదా బండి తనంత తాను కదలకుండ ఇతర ఏర్పాటు చేయవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు కాలి బ్రేకుతోబాటు చేతి బ్రేకు కూడ సమర్థముగా ఉండవలెనని విధించుచున్నవి.

ఫిట్‌నెస్ పరీక్ష దినము సమీపించినపుడు మాత్రమే బ్రేకు చూపించు అలవాటు మానవలెను. బస్తాలు ఎత్తు కూలీకి ప్రతిదినము పరీక్షాదినమే. వానకాలమునకు ముందొకసారి, పంట రవాణా ఆరంభమగుటకు ముందొకసారి డ్రమ్ములు విప్పించి చూచుటకు ఒక పూట చాలును. ఆ పూటను వెచ్చింపవలసినదిగా బండి యజమానులను, డ్రైవరు సోదరులను కోరుచున్నాము.