కొట్టం వాసనకి రెండున్నర వేలు పెట్టా: హిందీ ఊద్‌తో నా వారం రోజులు

ఊద్ మీద వీడియో చెయ్యమని చాలామంది అడుగుతున్నారు. వారం రోజులు పెట్టుకుని చూశాకే మాట్లాడదామని ఆగాను. ఇదిగో సీసా. పావు తులం, అంటే దాదాపు 3 మిల్లీలీటర్లు. పాతబస్తీలో చార్మినార్ దగ్గర ఒక అత్తరు షాపులో 2,500 రూపాయలకి కొన్నా.

షాపులో పెద్దాయన గాజు పుల్లతో నా మణికట్టు మీద ఒక చుక్క రాశాడు. వాసన చూడగానే తల వెనక్కి లాక్కున్నా. పేడ! నిజంగానే చెప్తున్నా. తడిసిన గడ్డి, కుడితి గోలెం, పక్కన ఒక పాత తోలు బెల్టు. నా మొహం చూసి ఆయన నవ్వాడు. "ఏక్ ఘంటా ఠైరో భాయ్" అన్నాడు. ఒక గంట ఆగమని.

ఆ గంట సంగతి చెప్పేముందు, అసలు ఈ వాసన ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం.

అరబిక్‌లో ఊద్ అంటే కట్టె. మనం అగరుబత్తి అంటాం కదా, ఆ అగరు ఇదే. (ఇప్పుడు మనం వెలిగించే మామూలు బత్తిలో అసలు అగరు ఉంటుందని మాత్రం ఆశపడకండి.) అస్సాంలో పెరిగే అగరు చెట్టు పేరు అక్విలేరియా మలాక్సెన్సిస్. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కట్టె తెల్లగా, తేలిగ్గా ఉంటుంది, వాసనే ఉండదు. పురుగు కాండాన్ని తొలిచి, ఆ గాయంలోకి ఫంగస్ చేరితే, చెట్టు తనని తాను కాపాడుకోవడానికి నల్లటి జిగురులాంటి పదార్థం తయారు చేసుకుంటుంది. దానికి ఏళ్ళు పడుతుంది. ఆ నల్లబడిన కట్టెకే అంత ధర. అంటే మనం కొనేది చెట్టు జబ్బుతో చేసిన ఫైట్‌ని. అడవుల్లో విపరీతంగా నరికేయడం వల్ల 1995 నుంచి ఈ చెట్టు సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం లిస్టులో ఉంది, పర్మిట్ లేకుండా దేశాలు దాటించకూడదు.

మరి పేడ వాసన? అది చెట్టుది కాదు, పద్ధతిది. అస్సాంలో హోజాయ్ లాంటి చోట్ల కట్టెని చిన్న ముక్కలు చేసి, వారాల తరబడి నీళ్ళలో నానబెడతారు. అది పులుస్తుంది, మన దోసె పిండి పులిసినట్టే, కాకపోతే చాలా ఎక్కువ. తర్వాత బట్టీలో మరిగించి నూనె తీస్తారు. ఆ పులుపే కొట్టం వాసన. మార్కెట్లో దీన్నే హిందీ ఊద్ అంటారు. కంబోడియా స్టైల్ ఊద్ అయితే తియ్యగా, పండులా ఉంటుంది, మొదటిసారికి అదే సేఫ్. మాల్‌లో దొరికే "ఊద్" స్ప్రేలు వేరే లోకం. 2002లో ఈవ్ సాన్ లోరాన్ ఎం7 వచ్చాక పాశ్చాత్య కంపెనీలు దీని వెంటపడ్డాయి, కానీ ఆ స్ప్రేలలో చాలావరకు ల్యాబ్‌లో చేసిన ఊదే ఉంటుంది. నా సీసా కూడా వంద శాతం ప్యూర్ అని గ్యారంటీ ఇవ్వను, ఈ ధరకి కష్టం.

సరే, గంట. తేలికైన అణువులు ముందు ఎగిరిపోతాయి, బరువైనవి ఒంటి వేడికి మెల్లగా లేస్తాయి. నలభై నిమిషాలకి పేడ వెనక్కి తగ్గింది. తోలు, పొగ, ఎండిన కట్టె, చివర్లో కాస్త తేనె. నేను షాపుకి వెనక్కి నడిచి కొనేశా.

ఇప్పుడు అసలు విషయం. మాకు ఊళ్ళో ఆరు బర్రెలుండేవి. పొద్దున్నే పాలు పిండి, స్నానం చేసి, బస్సెక్కి కాలేజీకి పోయేవాణ్ణి. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో వెనక బెంచీ నుంచి ఒకడు "ఏందిరా, కొట్టం వాసనొస్తుంది" అన్నాడు. నన్నే అన్నాడో లేదో ఇప్పటికీ తెలీదు. ఆ నాలుగేళ్ళు మాత్రం బ్యాగులో డియో లేకుండా బయటికెళ్ళలేదు. నా పెర్ఫ్యూమ్ పిచ్చి అక్కడే మొదలైంది. కొన్నవన్నీ నిమ్మకాయ, సబ్బు వాసనలే.

మూడో రోజు ఊద్ పెట్టుకుని మెట్రో ఎక్కా. అప్పటికి పది నిమిషాలే అయింది, అంటే కొట్టం ఫుల్ వాల్యూమ్‌లో ఉంది. పక్కాయన కొంచెం జరిగాడు. గుండె దడదడలాడింది, చెయ్యి కర్చీఫ్ దగ్గరికి పోయింది. తుడుచుకోలేదు. అమీర్‌పేట దాకా అలాగే నిలబడ్డా.

శనివారం ఊరికెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆగింది. బర్రెల్ని అమ్మేసి ఆరేళ్ళయింది. "ఎవరి కొట్టంలకు పోయొచ్చినవ్ రా?" అంది. సీసా చూపించి ధర చెప్పా. "పేడకా?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. రాత్రి అన్నం తిన్నాక మాత్రం "ఏదీ, అది మళ్ళొకసారి చూపియ్యి" అంది. మణికట్టు మీద రాస్తే చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చుంది. నేనేం అడగలేదు.

మీరు ట్రై చేస్తే: షాపులో ఒక్క చుక్క రాయించుకుని వెంటనే కొనకండి. పక్కనే లాడ్ బజార్ ఉంది, తిరగండి, ఇరానీ చాయ్ తాగండి, గంట తర్వాత చూడండి. ఇంటర్వ్యూకి వద్దు, లిఫ్ట్ ఎక్కే ముందు అసలు వద్దు. చొక్కాకి తగలనివ్వకండి. నా తెల్ల చొక్కా మీద గోధుమరంగు మరక పడింది, మూడుసార్లు ఉతికినా పోలేదు.