కారు ఆగినా బ్యాటరీ ఆగదు

అమీర్‌పేట, పంజాగుట్టల్లో అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. కింద సెల్లారు ఉంటుంది. సెల్లారులో వరసగా కార్లు ఉంటాయి. పక్కనే చిన్న గది. అందులో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వంట అక్కడే. పడక అక్కడే. పిల్లల చదువూ అక్కడే.

పై అంతస్తుల వాళ్ళు కొందరు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళతారు. నాలుగు నెలలో, ఆరు నెలలో అక్కడే ఉంటారు. "కారు కాస్త చూస్తుండమ్మా" అని చెప్పి పోతారు. మనం రోజూ దుమ్ము తుడుస్తాం. వాళ్ళు తిరిగి వచ్చి తాళం తిప్పితే కారు కదలదు. "ఏం చూశారు?" అని మనల్నే అడుగుతారు.

తప్పు మనది కాదు. బ్యాటరీ డౌన్ అయింది. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇలాగే జరిగింది. వారాల తరబడి కార్లు సెల్లారుల్లోనే ఆగిపోయాయి. చాలా కార్ల బ్యాటరీలు డౌన్ అయ్యాయి.

బ్యాటరీలో ఏముంది?

కారు బ్యాటరీ ఒక పెట్టె. అందులో 6 గదులు ఉంటాయి. గదుల్లో సీసం పలకలు ఉంటాయి. వాటి చుట్టూ నీళ్ళు కలిపిన గంధకామ్లం ఉంటుంది. దీన్నే మనం యాసిడ్ అంటాం. ఒక్కో గది సుమారు 2 వోల్టుల కరెంటు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12 వోల్టులు.

కారు నడుస్తుంటే బ్యాటరీ మళ్ళీ నిండుతుంది. కారు ఆగితే నిండదు. కానీ ఖర్చు ఆగదు. కారులో గడియారం తిరుగుతుంది. దొంగల అలారం పనిచేస్తుంది. ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతాయి. కుండకు చిన్న చిల్లి పడితే నీళ్ళు కారినట్టే. ఏమీ వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే కొంత దిగిపోతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా దిగుతుంది.

దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద తెల్లటి పొర గట్టిపడుతుంది. అప్పుడు ఛార్జింగు పెట్టినా సరిగా నిండదు. కొత్తది కొనాల్సి వస్తుంది.

ముందే ఏం చెయ్యాలి?

కారు యజమాని ఊరికి వెళ్ళకముందే అడగండి. "అయ్యా, బ్యాటరీ సంగతి ఏం చెయ్యమంటారు?" అనండి. రెండు దారులున్నాయి.

ఒకటి: నమ్మకమైన డ్రైవరు వారానికో, పది రోజులకో ఒకసారి కారును అరగంట సేపు రోడ్డు మీద తిప్పాలి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజను ఆడిస్తే చాలదు.  పైగా మూసిన సెల్లారులో ఇంజను ఆడిస్తే విషవాయువు నిండుతుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళ ప్రాణం తీస్తుంది.

రెండు: నెలల తరబడి కారు తియ్యకపోతే మెకానిక్ చేత బ్యాటరీ తీగ విప్పించాలి. ముందు మైనస్ తీగ విప్పాలి. బిగించేటప్పుడు మైనస్ తీగ చివర బిగించాలి. ఎందుకు? కారు ఇనుప ఒంటికి మైనస్ కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పితే, పానా కారు ఒంటికి తగిలి నిప్పులు రాలవచ్చు. తీగ విప్పితే కొన్ని కార్లలో తాళాలు, అలారం పనిచేయవు. అందుకే యజమానికి చెప్పకుండా విప్పవద్దు.

నగలు తియ్యండి, బీడీ ఆర్పండి

12 వోల్టులు షాకు కొట్టవు కదా అనుకోవద్దు. బంగారు గాజు గానీ, గొలుసు గానీ ప్లస్‌కూ మైనస్‌కూ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలిపోతుంది. చెయ్యి కాలుతుంది. బ్యాటరీ దగ్గర పని చేసేవాళ్ళు ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు తీసి పెట్టాలి.

ఛార్జింగు పెట్టినప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ అనే గ్యాసు వస్తుంది. అది తేలికైనది. పైకి లేచి కప్పు కింద చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుతుంది. కాబట్టి గదిలో ఛార్జింగు పెట్టనివ్వవద్దు. గాలి ఆడే చోటే పెట్టాలి. దగ్గర పొయ్యి, అగరువత్తి, బీడీ ఉండకూడదు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే దూరంగా వెళ్ళండి. దూరం నుంచే కరెంటు ఆపాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీ వేరు. అది ఎక్కువగా లిథియం బ్యాటరీ. దాని ఛార్జరే దానికి వాడాలి. మెట్ల కింద, దారికి అడ్డంగా ఛార్జింగు పెట్టనివ్వవద్దు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచాయి. పైన లాడ్జి ఉంది. 8 మంది ప్రాణాలు పోయాయి.

యాసిడ్ మీద పడితే?

వెంటనే నీళ్ళు పోయండి. తడిసిన బట్ట తీసెయ్యండి. కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళతో కడగండి. కన్ను నలపవద్దు. పసుపు, నూనె, పేస్టు పూయవద్దు. తర్వాత వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోను చెయ్యండి. డబ్బు అక్కర్లేదు.

నీళ్ళు, బూజు

మూతలున్న బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయించాలి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు పనికిరావు. యాసిడ్ అసలు పోయకూడదు. మూతలు లేని బ్యాటరీని తెరవకూడదు.

మొనల దగ్గర తెల్లగా, పచ్చగా బూజు పడుతుంది. దాన్ని ఉత్త చేత్తో తుడవవద్దు. తీగలు విప్పాక, మెకానిక్ వంటసోడా కలిపిన నీళ్ళతో కడుగుతాడు. ఆరాక వాజలీను రాస్తాడు.

పాత బ్యాటరీ ఏం చెయ్యాలి?

పాత బ్యాటరీ పగలగొట్టి సీసం అమ్ముకుందాం అనుకోవద్దు. యాసిడ్ మోరీలో పోయవద్దు. ఆ డబ్బాలో నీళ్ళు పట్టవద్దు, పూల మొక్కలు పెట్టవద్దు. సీసం దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పాత బ్యాటరీని బ్యాటరీ దుకాణంలోనే ఇప్పించండి. కొత్తది కొంటే పాతదానికి కొంత ధర తగ్గిస్తారు. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని 2001 నుంచీ నిబంధన ఉంది. 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి.

"ఈ పని నాకు రాదు, మెకానిక్‌ను పిలవండి" అని చెప్పడం చిన్నతనం కాదు. కారు వాళ్ళది. ప్రాణం మనది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కారు ఆగి ఉన్నా బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?
2. ముందు ఏ తీగ విప్పాలి? ఎందుకు?
3. మీ సెల్లారులో ఛార్జింగు ఎక్కడ పెడుతున్నారు? అక్కడ గాలి ఆడుతుందా?
4. కంట్లో యాసిడ్ పడితే మొదట ఏం చేస్తారు?