6.5 అంగుళాల స్పీకర్ ఏ డబ్బాలో అయినా పని చేస్తుందా? నేను చెప్పిన తప్పు, దాని వెనక లెక్క

నందిగామ నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశా. ఈరోజు అన్‌బాక్సింగ్ లేదు, రివ్యూ లేదు. ముందు ఒక సారీ చెప్పాలి. తర్వాత ఆ సారీ వెనకాల ఉన్న సైన్స్ చెప్తా.

కొన్నాళ్ళ కిందట ఒక ఎపిసోడ్‌లో నేనో మాట అన్నా. "డబ్బా గట్టిగా ఉంటే చాలు, లోపల స్పీకర్ పాడైతే అదే సైజుది ఇంకోటి కొని బిగించేయండి. బేస్ ఇంకా కావాలా, వెనకాల రంధ్రం కోసి పీవీసీ పైపు ముక్క పెట్టండి." ఎంత ధీమాగా చెప్పానో! ఆ మాట నమ్మి జగ్గయ్యపేటలో ఒక తమ్ముడు, మైక్ సెట్ షాపులో పని చేస్తాడు, దాచుకున్న 6,200 రూపాయలు పెట్టి రెండు ఊఫర్లు, రెండు ట్వీటర్లు కొన్నాడు. వాళ్ళ నాన్న పాత స్పీకర్ డబ్బాల్లో బిగించాడు. తర్వాత నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఏ పాట పెట్టినా ఒకటే దుమ్ దుమ్. గొంతేమో బిందెలోంచి వచ్చినట్టుంది. పాతవే నయం అంటున్నాడు నాన్న."

నా సాఫ్ట్‌వేర్ జీతం రోజుల్లో 6,200 అంటే పెద్ద లెక్క కాదు. ఆ తమ్ముడికి అది లెక్కే. ఆదివారం పొద్దున్నే మల్టీమీటర్, టేపు బ్యాగులో వేసుకుని బస్సెక్కా. హైవే మీద చిల్లకల్లు దాటి జగ్గయ్యపేటలో దిగా.

విని చూశా. తమ్ముడు చెప్పింది నిజమే. మరి ఎందుకలా అయింది?

స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది కదా. మూసేసిన డబ్బాలో దాని వెనకాల ఉన్న గాలి స్ప్రింగ్‌లా పని చేస్తుంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 అనే స్పీకర్‌తో చూపించింది ఇదే: డబ్బాలో గాలినే స్ప్రింగ్‌గా వాడుకుంటే చిన్న డబ్బాలోంచి కూడా లోతైన బేస్ వస్తుంది. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే. డబ్బా చిన్నదైతే స్ప్రింగ్ బిగుసుద్ది. పెద్దదైతే వదులవుద్ది. ఆ బిగువు ఏ స్పీకర్‌కి ఎంత ఉండాలి అనేది స్పీకర్‌ని బట్టి మారుద్ది. అంగుళాలు చెప్పేది రంధ్రం సైజు మాత్రమే.

ఆ లెక్కని పక్కాగా రాసిపెట్టింది ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్, 1961లో. 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. అందుకే స్పీకర్ డేటా షీట్‌లో ఆ అంకెల్ని థీల్-స్మాల్ పారామీటర్స్ అంటారు. మనకి మూడు చాలు. ఎఫ్ఎస్, అంటే డబ్బా లేకుండా కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్, అంటే ఆ ఊగుడికి బ్రేక్ ఎంత బాగా పడుద్దో చెప్పే అంకె. తక్కువ ఉంటే బ్రేక్ గట్టిది. వీఏఎస్, అంటే ఆ స్పీకర్ సస్పెన్షన్ ఎంత బిగువో, అంతే బిగువున్న గాలి ఎన్ని లీటర్లో.

తమ్ముడు కొన్న ఊఫర్ షీట్‌లో ఇలా ఉంది: ఎఫ్ఎస్ 40 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 36 లీటర్లు. పాత డబ్బా లోపలి కొలత 30 × 20 × 16 సెంటీమీటర్లు. గుణించి 1000తో భాగిస్తే 9.6 లీటర్లు. ఊఫర్ వెనక భాగం ఆక్రమించే చోటు తీసేస్తే సుమారు 9.

ఇప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. వీఏఎస్‌ని డబ్బా లీటర్లతో భాగించండి: 36 బై 9, అంటే 4. ఒకటి కలపండి: 5. వర్గమూలం తీయండి: 2.24. ఈ 2.24తో క్యూటీఎస్‌ని గుణిస్తే 1.12. ఎఫ్ఎస్‌ని గుణిస్తే సుమారు 89 హెర్ట్జ్.

మూసిన డబ్బాలో ఆ మొదటి అంకె 0.7 దగ్గరుంటే బేస్ సాఫీగా ఉంటుంది. 1.12 అంటే 100 హెర్ట్జ్ పైన సుమారు 2 డెసిబెల్స్ ఉబ్బు వస్తుంది. దాని కింద బేస్ గబగబా పడిపోద్ది. డబ్బాని గది మూలన పెడితే ఉబ్బు ఇంకా పెరుగుద్ది. ఏ పాట పెట్టినా ఒకటే దుమ్ దుమ్ అన్నాడే, అదిదే.

మరి నేను చెప్పిన పైపు? పైపు పెడితే డబ్బా మూసినది కాదు. పైపు పొడవు, వెడల్పు, డబ్బా సైజు కలిసి ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతాయి. లెక్క లేకుండా పెడితే ఉబ్బు మీద ఉబ్బు. పైగా ఆ ఫ్రీక్వెన్సీ కిందకి వెళ్తే గాలి స్ప్రింగ్ పట్టు వదిలేస్తుంది. కోన్ హద్దు దాటి ఊగి, వాల్యూమ్ పెంచితే ఊఫర్ పాడైపోవచ్చు కూడా. ఆ సలహా ఇచ్చింది నేనే. సారీ.

రెండో గొడవ ట్వీటర్‌ది. పాత ట్వీటర్ 8 ఓమ్స్, దానికి 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. అంటే సుమారు 4,200 హెర్ట్జ్ నుంచి ట్వీటర్ పని మొదలవుద్ది. కొత్త ట్వీటర్ 4 ఓమ్స్. కెపాసిటర్ మాత్రం అదే ఉంచేశాడు. ఓమ్స్ సగమైతే ఫ్రీక్వెన్సీ రెట్టింపు, 8,400కి పోయింది. మధ్యలో పెద్ద గుంట. గొంతు బిందెలోంచి వచ్చినట్టుండటానికి ఇదొక కారణం. దానికి తోడు ఊఫర్ సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, ట్వీటర్‌ది 92. ఆ 6 డెసిబెల్స్ తేడా అంటే ట్వీటర్‌కి నాలుగు రెట్లు పవర్ ఇచ్చినంత. పై శబ్దాలు చెవిలో గుచ్చుతాయి.

"మా షాపులో 12 అంగుళాల మైక్ సెట్ స్పీకర్లున్నాయి, అవి పెడితే అన్నా?" అన్నాడు తమ్ముడు. వద్దన్నా. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో దూరం దాకా వినిపించాలని, తక్కువ పవర్‌కే గట్టిగా అరిచేలా చేసినవి చాలావరకు అవి. ఇంటి గదిలో లోతైన బేస్ వాటి పని కాదు.

ఊఫర్లు తప్పు కాదు, జత తప్పు. అందుకే ఊఫర్లు ఉంచి డబ్బా మార్చాం. 0.7 రావాలంటే ఈ ఊఫర్‌కి సరిగ్గా 36 లీటర్లు కావాలి. అంత పెద్దవి రెండు వాళ్ళ ముందు గదిలో పట్టవు. 20 లీటర్లతో లెక్కేస్తే 0.84 వచ్చింది. ఉబ్బు ఉన్నా లేనట్టే. కార్పెంటర్ బాబాయ్‌తో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో, లోపలి కొలత 40 × 26 × 20 సెంటీమీటర్లు ఉండేలా చేయించాం. పైపు లేదు. గాలి చొరబడకుండా అతుకులన్నీ మూసేశాం. ప్లైవుడ్ డబ్బులు నావి. తప్పు నాదే కాబట్టి.

ట్వీటర్‌కి పాత కెపాసిటర్ పక్కనే ఇంకో 4.7 ప్యారలల్‌గా కలిపాం. మొత్తం 9.4, మళ్ళీ 4,200 హెర్ట్జ్. కొనేటప్పుడు ప్లస్ మైనస్ లేని బైపోలార్ రకమే అడగండి. కెపాసిటర్ తర్వాత 2 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో, 4 ఓమ్స్ రెసిస్టర్ ట్వీటర్‌కి అడ్డంగా. దాంతో ఆ 6 డెసిబెల్స్ తగ్గాయి.

మీ స్పీకర్‌కి షీట్ లేదా? ఊఫర్‌కి సిరీస్‌లో 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో ఆంప్‌కి 20 నుంచి 150 హెర్ట్జ్ వరకు మెల్లగా పెంచుతూ పంపండి. ఊఫర్ మీద ఏసీ వోల్టేజ్ ఎక్కడ ఎక్కువ చూపిస్తే అది ఎఫ్ఎస్. తర్వాత లీటర్లు తెలిసిన మూసిన డబ్బాలో పెట్టి మళ్ళీ కొలవండి. రెండో అంకెని మొదటి దాంతో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేసి, డబ్బా లీటర్లతో గుణిస్తే వీఏఎస్ వచ్చేస్తుంది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి ఘంటసాల పాట పెట్టించుకుని, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "పర్లేదు" అన్నారు. మన వైపు నాన్నలు పర్లేదు అన్నారంటే ఫస్ట్ క్లాస్ వచ్చినట్టే.

కాబట్టి ఫ్రెండ్స్, కొనేముందు అంగుళాలు కాదు, ఆ మూడు అంకెలు అడగండి. ముందు లెక్క, తర్వాత రంపం. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.