గాజుతొట్టిలోని మన్ను

గాజుతొట్టిలో చేపలను పెంచు వేడుక నేడు మన పట్టణములలో సామాన్య గృహములకును వచ్చినది. పిల్లలు కోరుదురు, తండ్రి కొని తెచ్చును, పిమ్మట వారమువారము నీరు మార్చుటయు, పాచి గీకుటయు గృహిణి పాలబడును. ఇంత పాటుపడినను చేప లొకటొకటిగా వెల్లకిలబడి తేలును. పిల్లలు కన్నీరు పెట్టుకొందురు. దోషము మేతయందున్నదనియో, చేపల జాతియందున్నదనియో తలంతుము గాని, తొట్టి యడుగున నేమున్నదని విచారించువారు తక్కువ. రంగురాళ్లు నాలుగు గుప్పెళ్లు పోసి, ప్లాస్టికు మొక్క నొకదానిని నిలిపి, నీరు నింపినంతమాత్రమున నది చెఱువు కాదు. నీళ్లు పోసిన గిన్నె మాత్రమే. చెఱువులో చేపల మాలిన్యమును మన్నును, మొక్కలును, కంటికి కానరాని సూక్ష్మజీవులును హరించును. ఆ పనియే గిన్నెలో గృహిణి చెంబుతో చేయవలసి వచ్చుచున్నది.

ఈ సంగతి క్రొత్తగా కనిపెట్టబడినది కాదు. లండనునందలి రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ అనునాతడు సుమారు 12 గాలనుల గాజుపాత్రలో ఇసుకయు, బురదమన్నును, సున్నపురాతి ముక్కలును వేసి, వాలిస్నేరియా యను నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. మొక్క చక్కగా పెరిగెను గాని, దాని ముదురాకులు క్రుళ్లి నీటిని చెఱుపసాగెను. అప్పు డాయన కొన్ని చెఱువునత్తలను తెచ్చి వేయగా, నవి క్రుళ్లుడును తిని నీటిని తేటపఱచెను. వాని గ్రుడ్లును పిల్లలును చేపలకు మేత యయ్యెను. ఈ వృత్తాంతమును 1850వ సంవత్సరమున ఆయన ప్రకటించెను. అందు మొక్కకు వేరూన నిచ్చినది ఆ పిడికెడు బురదయే. మరల 1999లో డయానా వాల్‌స్టాడ్ అను అమెరికా విదుషి తన గ్రంథమున, సామాన్యమైన తోటమన్నును పలుచగా పఱచి పైని గులకఱాళ్లు కప్పినచో విశేష యంత్రములు లేకయే మొక్కలు పెరుగునని వివరించిన పిమ్మట, నీ పద్ధతి దేశదేశముల వ్యాపించినది.

మన్ను నీటిక్రింద నేమి చేయునో మన తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు, వరిమడియే సాక్షి. దమ్ముచేసి నీరు నిలిపిన మడిలో పైపొరక్రింద ప్రాణవాయువు కొలదిదినములలోనే తఱిగిపోవును. అంతట మన్నులోని యినుము నీటిలో కరగు రూపము దాల్చును. భాస్వరము వెలువడి వేళ్లకందును. ప్రాణవాయువు లేనిచోట వేరు క్రుళ్లవలదా యందురేమో. వరిమొక్క తన కాండములోని గాలిగొట్టములద్వారా పైగాలిని వేళ్లకు పంపుకొనును. నీటమునిగి బ్రతుకు వాలిస్నేరియా వంటి మొక్కలును ఆకులలో పుట్టిన ప్రాణవాయువు నిటులే క్రిందికి పంపి, వేళ్లచుట్టునున్న మన్నును శుభ్రముగా నుంచును. కావున మన్నును పఱచి మొక్కలు నాటకుండుట ప్రమాదము. మన్నును మోయు శక్తి మొక్కకే కలదు.

ఎట్టి మన్ను తేవలయును? పెంట వేసినదియు, రసాయనపు టెరువులు చల్లినదియు, పురుగుమందు తగిలినదియు పనికిరావు. పూలకుండీలకని సంచులలో నమ్ము మిశ్రమములలో తఱచుగా ఎరువులు కలిసియుండును గనుక సంచిపైని వ్రాత చదివి మఱీ కొనవలెను. నల్లరేగడి నీటిలో నుబ్బి బంకగా నగును. అందు సున్నపుపాలు నుండును. మనవైపు దొరకు ఎఱ్ఱమన్నే నా యభిప్రాయమున మేలైనది. దానికా రంగు నిచ్చునది యినుము. ఆ యినుము మొక్కకు పుష్టి నిచ్చుటయే గాక, క్రుళ్లుటచే పుట్టు గంధకపు విషవాయువును పట్టి నల్లని నిరపాయమైన పదార్థముగా మార్చును. మన్నును జల్లించి, పుల్లలును వేళ్లును ఏరి, తడిపి యెండబెట్టుట మూడునాలుగు మారులు చేసినచో నందలి పచ్చిసత్తువ చాలవఱకు ముందుగనే చివికిపోవును. వేసవి యెండలు దీనికి మిక్కిలి యనుకూలము. కాల్చిన మట్టిగుళికలు విదేశములనుండి వచ్చి యంగళ్లలో దొరకుచున్నవి. అవియు మంచివే గాని వెల హెచ్చు.

పైకప్పునకు నదియిసుక గాని, పెసరగింజ యంత గులకఱాళ్లు గాని వలయును. సముద్రపుటిసుకలో గవ్వపొడి యుండి నీటిని కఱకుపఱచును. సందేహము కలిగినచో చిటికెడిసుకపై నిమ్మరసము పిండుడు. నురుగు పొంగినచో దానిని తేవలదు. బియ్యము కడిగినట్లు కడుగవలెను. కడుగునీరు తేరువఱకు ఆపరాదు. మిక్కిలి మెత్తని యిసుక గట్టిగా కూరుకొని లోని వాయువులను పైకి రానీయదు.

2 అడుగుల పొడవును, 1 అడుగు వెడల్పును గల తొట్టికి ఒక అంగుళము మన్ను చాలును. అది యించుమించు నాలుగున్నర లీటర్లగును, ఇసుకయు నంతే. మన్ను హెచ్చుగా పోసినచో మొక్కలు బాగుగా పెరుగునను నాశయే పెక్కు తొట్లను చెఱచుచున్నది. లోతు పెరిగినకొలది వేరు చేరని చోటు పెరుగును. అచ్చటనే క్రుళ్లుకోడిగ్రుడ్డు వాసనగల వాయువు పుట్టును. అది నీటిలో కలిసినచో చేపలకు మరణమే. గాజుగోడల వెంబడి మన్ను కనబడకుండ అంగుళమంత వెలితి విడిచి, ఆ వెలితిలో నిసుక పోసినచో చూపునకింపుగా నుండును. వెనుకవైపు కొంచె మెత్తుగా నుంచుట మంచిది. తొట్టి నిండిన పిదప కదల్చరాదు. అడుగెత్తు గల యీ తొట్టిలో నీటిబరువే 50 కిలోలకు పైబడును గనుక, బల్ల ముందే గట్టిదిగా నుండవలెను.

మన్నును బురదయగునంత తడిపి, ఇసుక కప్పి, రెండంగుళముల నీటిలోనే మొక్కలు నాటుట సులభము. వేరు మన్నును తాకవలెను. మొదలు ఇసుకపైకి తేలియుండవలెను. వాలిస్నేరియా కుదురును పాతిపెట్టినచో క్రుళ్లును. హైడ్రిల్లా వేగముగా పెరిగి తొలినాళ్లలో హెచ్చు సత్తువను పీల్చుకొనును. మొక్కలను పొదుపుగా నాటుటకన్న మొదటినాడే దట్టముగా నాటుట మేలు. పిమ్మట ఇసుకపై నొక సాసరుంచి, దానిపై సన్నధారగా నీరు పోయవలెను. నేరుగా కుమ్మరించినచో మన్ను పైకిలేచి యంతయు మొదటికి వచ్చును. కుళాయినీటిలోని క్లోరిన్ ఒకనాడు వెడల్పుపాత్రలో నుంచినచో చాలవఱకు పోవును. క్లోరమీన్ కలిపిన యూళ్లలో నిది చాలదు, అంగడిలో దొరకు విఱుగుడుమందు వేయవలెను.

ఇక మిగిలినది పిల్లలకు కష్టమైన పని, అనగా వేచియుండుట. క్రొత్తమన్నునుండి అమ్మోనియా వెలువడును. దానిని నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు తగినంత వృద్ధిచెందుటకు సామాన్యముగా నాలుగునుండి యాఱు వారములు పట్టును. ఈలోపల వారమునకు రెండుమార్లు సగము నీరు మార్చుచుండవలెను. పరీక్షించు ద్రావణములు చేపలయంగళ్లలో దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నయైన పిమ్మటనే నాలుగైదు చిన్న చేపలను విడువవలెను. ఆ దినములలో పిల్లలకు చూపదగినవి లేకపోలేదు: క్రొత్త యాకు విచ్చుట, ఆకులపై ముత్యములవలె ప్రాణవాయువు నిలుచుట, గాజువెంట వేరు దిగుట. బంగారుచేప మన్ను త్రవ్వు జాతి. దానిని వేఱు తొట్టిలో నుంచుటయే యుక్తము.

మన్ను నల్లబడినంతమాత్రమున భయపడనక్కఱలేదు. దుర్వాసన వచ్చినచో మాత్రము సన్నని పుల్లతో నక్కడక్కడ మెల్లగా గ్రుచ్చి వాయువును విడువవలెను. అది చేపలను విడుచుటకు ముందు చేయవలసిన పని. మొక్కల మొదళ్లయొద్ద ఇసుకను కలచి కడుగుట యెన్నడును తగదు.

తీగలు దట్టమైనపుడు కత్తిరింపక తప్పదు. ఆ కత్తిరింపులను కాలువలో గాని చెఱువులో గాని పాఱవేయకుడు. దక్షిణ అమెరికానుండి పూవు అందమునకని తెచ్చుకొన్న గుఱ్ఱపుడెక్క మన కొల్లేటి నెట్లు కప్పివేసినదో యెఱిగినదే కదా! పెరటిలో బీరపాదునకో, గులాబిమొక్కకో వేసినచో మంచి యెరువగును. తీసిన తొట్టినీరును వానికే పోయవచ్చును.